ఒకే ఖాతా మీద మూడు చేతులు

మా వృత్తిలో పదవీ విరమణ అనే రోజు ఉండదు. మోకాళ్ళు ఎప్పుడు విరమించుకుంటే అదే విరమణ. నావి సిద్దిపేట కోర్టు మెట్ల దగ్గర విరమించుకున్నాయి. కోటు మేకుకు తగిలించి కలం పట్టుకున్నాను. కార్మికుల కేసులు చూద్దామని కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పుండ్రి" అంటారు. గెలిచిన కేసులు చెప్పడం నాకు ఇష్టం. ఓడినవి వినడం వాళ్ళకు లాభం. అందుకని రెండింటి మధ్యా వేలాడుతున్న ఒక కేసు గురించి రాస్తున్నాను. ఇది నా ఆఖరి కేసు. అది దేశాలు దాటింది, నేను మాత్రం జిల్లా దాటలేదు.

యాప్‌ల ద్వారా, ఇంటర్నెట్ ద్వారా పని చేసేవాళ్ళు, చట్టం భాషలో ప్లాట్‌ఫామ్ కార్మికులు, ఇక ముందు మీ దగ్గరికి చాలామంది వస్తారు. పనిచేసే మనిషి ఇక్కడ, పని ఇచ్చే కంపెనీ ఇంకో దేశంలో. వీళ్ళ హక్కులకు ఏ దేశం చట్టం వర్తిస్తుంది? ఈ ప్రశ్నకు పుస్తకాల్లో పెద్ద జవాబులున్నాయి. నేను తిన్న చిన్న దెబ్బ గురించి చెప్తాను.

చుట్టేవాళ్ళ దగ్గర చట్టం

నా ప్రాక్టీసులో సగం బీడీ కార్మికులదే. వాళ్ళు బీడీలు చుట్టారు, నేను వాళ్ళ చుట్టూ చట్టాన్ని చుట్టాను. ఎవరి దారం గట్టిదంటే వాళ్ళదే. నాది మొదటి పదేళ్ళు తరచుగా ఊడిపోయేది.

మా సీనియర్ మాణిక్యరావు గారు. ఆయన దగ్గర చేరిన మొదటి వారమే నన్ను ఒక బీడీలు చుట్టే ఇంటికి పంపి, పొద్దంతా అక్కడే కూర్చొమ్మన్నారు. లా పట్టా తెచ్చుకున్నది వాకిట్లో చాటల ముందు కూర్చోవడానికా అని నేను మొహం మాడ్చుకున్నాను.

"కాగితం ఏడికి పోదు. ముందుగాల పని జరిగే జాగ సూడు," అన్నారాయన.

చూశాను. ఆకు, తంబాకు ఇచ్చి బీడీల లెక్క రాసే కంపెనీ కార్డు ఒక్కరి పేరు మీద ఉంటుంది. పని మాత్రం ఇల్లంతా చేస్తుంది. అత్త ఆకు కత్తిరిస్తుంది, కోడలు తంబాకు నింపి చుడుతుంది, ఆడబిడ్డ దారం కడుతుంది. ఎవరూ దాన్ని దాచరు. వంట ఒకరి పొయ్యి మీద జరిగినంత సహజంగా పని ఒకరి కార్డు మీద జరుగుతుంది. కేసు వచ్చినప్పుడు కంపెనీ వకీలు దీన్నే పట్టుకునేవాడు. ఈమె ఒక్కతే చేయలేదు కాబట్టి ఈమె మా కార్మికురాలే కాదు అనేవాడు. మాణిక్యరావు గారు లేచి, ఇంటికి పని పంపినవాడికి ఆ ఇంట్లో మనుషులుంటారని తెలియదా అని అడిగేవారు. ఇంట్లోవాళ్ళు చెయ్యి కలిపినంత మాత్రాన ఆమె కార్మికురాలు కాకుండా పోదని మేము వాదించి నెగ్గేవాళ్ళం.

అప్పటి నుంచి నా నోటీసులన్నింటిలో ఒక వాక్యం స్థిరపడిపోయింది: "నా క్లయింటు మరియు ఆమె కుటుంబంలోని స్త్రీలు అందరూ కలిసి అహర్నిశలు శ్రమించి సదరు పనిని పూర్తి చేయుచున్నారు." నేను చెప్పకపోయినా మా టైపిస్టు దాన్ని టైపు కొట్టి పెట్టేవాడు.

ఆ రోజుల క్లయింట్లలో అమీనా బేగం ఒకరు. కొత్త కోడలిగా వచ్చి పన్నెండేళ్ళు అత్తగారి కార్డు మీద చుట్టింది. అత్తగారు పోయాక కంపెనీ, "నువ్వెవరు?" అంది. ఆమె ఎవరో రుజువు చేయడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది. చివరికి ఆమె పేరు మీద కార్డు వచ్చింది. దాన్ని ఆమె గాజు ఫ్రేములో పెట్టి గోడకు తగిలించింది.

డబ్బాలో ఉండే కంపెనీ

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక పొద్దున అమీనా బేగం కోడలు షాహీన్‌ను వెంటపెట్టుకుని మా ఆఫీసు గదికి వచ్చింది.

"వకీల్ సాబ్, మా బహూ నౌకరీ బందు పెట్టిన్రు."

"ఏ కంపెనీ అమ్మా?"

"గిండ్ల ఉంటది," అని కోడలి చేతిలోని ల్యాప్‌టాప్ సంచి చూపించింది.

షాహీన్ డిగ్రీ చదివింది. ఆమె పని ఇంటిపట్టున చేసుకునేది. వివరంగా చెప్పింది.

"రోడ్ల ఫోటోలొస్తయి సార్. మనుషుల చుట్టు, బండ్ల చుట్టు, జంతువుల చుట్టు గీతలు గీసి డబ్బాలు కట్టాలె. డ్రైవర్ లేకుండ నడిచే కార్లకు చూపు నేర్పుతున్నరట."

"ఎక్కడి రోడ్లు?"

"ఏ దేశమో. మంచు పడుతది. అందరు నల్లకోట్లేసుకొని తిరుగుతరు. నాకైతే అందరు మీ లెక్క వకీళ్ళే అనిపిస్తరు."

"అందరికీ కేసులున్నట్టున్నాయి, అదృష్టవంతులు," అన్నాను.

కంపెనీ యూరప్‌లోని ఒక దేశానిది. ఆమె ఖాతాను కంప్యూటరే ఆపేసింది. "అసాధారణ కదలికలు గమనించాం, పరిశీలనలో ఉంది" అని ఒక మెయిల్ పంపింది. తిరిగి జవాబు రాయడానికి దాంట్లో చిరునామా లేదు.

"నువ్వు ఒక్కదానివే చేస్తవా బిడ్డా?"

"పొద్దుగాల నేను. వంట టైముల అమ్మీ కూసుంటది. సాయంత్రం మా ఆడబిడ్డ రేష్మ."

నేను అమీనా బేగం వైపు చూశాను. ఆమెకు అక్షరాలు రావు.

"ఇంగ్లీషు నాకెందుకు వకీల్ సాబ్? బటన్ల మీద రంగు కాగితాలు అతికిచ్చింది మా బహూ. ఎర్రది మనిషి. పచ్చది బండి. నీలిది జంతువు. కండ్లు మంచిగున్నయి, ఏలు మంచిగున్నది. ఇంకేం గావాలె?"

ఆ క్షణంలో నాకు గుండె దడ పుట్టాల్సింది. దానికి బదులు పుట్టింటికి వచ్చినట్టు అనిపించింది. అదే ఇల్లు, అవే మూడు జతల చేతులు. చాట పోయి ల్యాప్‌టాప్ వచ్చింది, అంతే అనుకున్నాను.

ఒప్పందం షరతులు చాలా పేజీలున్నాయి. మా వకీళ్ళకు ఒక అలవాటు, ఒప్పందాన్ని వెనక నుంచి చదువుతాం. ఏ దేశం చట్టం, ఏ ఊరి కోర్టు అన్నది చివర్లో ఉంటుంది కాబట్టి. చదివాను. వివాదాలకు వాళ్ళ దేశం చట్టం, వాళ్ళ ఊరి కోర్టు అని ఉంది. ఒళ్ళు మండింది. పని సిద్దిపేటలో జరిగితే న్యాయం ఎక్కడో మంచులో దొరుకుతుందా? పని జరిగిన జాగే ముఖ్యమని మా సీనియర్ నేర్పలేదా? ఆ మధ్యాహ్నమే ఇంగ్లీషులో ఘాటైన నోటీసు రాసి కంపెనీకి మెయిల్ చేశాను. మూడో పేరాలో, అలవాటు ప్రకారం, ఆ వాక్యం కూడా ఉంది. ముగ్గురు స్త్రీల శ్రమ అని తెలిస్తే వాళ్ళ మనసు కరుగుతుందనుకున్నాను.

మర్నాటికి జవాబు వచ్చింది, కింద మనిషి పేరు లేకుండా. ఖాతా శాశ్వతంగా మూసేశారు. కారణం: మోసం. ఆధారం: నా మూడో పేరా. షరతుల మొదటి పేజీలోనే, నేను చదవని ఆ పేజీలో, ఒక ఖాతాను ఒక మనిషే వాడాలని రాసి ఉంది.

నా రాతను అవతలి పక్షం అంత శ్రద్ధగా చదవడం నా వృత్తి జీవితంలో అదే మొదటిసారి. అనుమానం దగ్గర ఆగి ఉన్నదాన్ని నేను ఒప్పుకోలుగా మార్చి, సంతకం పెట్టి, లెటర్‌హెడ్ మీద పంపాను.

షాహీన్‌కు వచ్చిన మెయిల్లో నా పేరా లేదు, ఒక్క కారణమే ఉంది. ఆమె ఫోను పట్టుకుని వచ్చింది.

"ఫ్రాడ్ అంటే దొంగతనమే గద సార్?"

"దాదాపు అంతే."

"పని పోతే పోనియ్యుండ్రి, ఇంకోటి చూసుకుంట. గీ మాట తీపియ్యుండ్రి సార్. వేరే కంపెనీలల్ల నా పేరు కొడితే గిదే వస్తదంటున్నరు. మా ఇంట్ల ఎవలం గూడ ఒకలది ముట్టలే."

కంపెనీ ఒప్పుకోలేదు, పైకి పోదాం అన్నాను. ఎందుకు ఒప్పుకోలేదో చెప్పలేదు. ఆమె నాకు దండం పెట్టి వెళ్ళింది. ఆ దండం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

వేలు చూపించే చట్టాలు

మొదట లేబర్ ఆఫీసుకు పోయాను. అధికారి నాకు పాత పరిచయం, మంచివాడు. ఫైలు చూసి నవ్వాడు.

"వకీల్ సాబ్, నేను ఎవలికి సమన్లు పంపాలె? బీడీ కంపెనీ అయితే గుమాస్తనన్న దొరుకుతుండె. గీళ్ళకు ఈడ డోర్ నంబర్ గూడ లేదు."

"కొత్త సామాజిక భద్రత చట్టం ఉంది కదా?"

"ఉన్నది. అండ్ల ఆమెకు పేరున్నది, ప్లాట్‌ఫామ్ కార్మికురాలని. రండ్రి, పేరు రాసుకుంట, రేపు స్కీములొస్తే పనికొస్తది. మూసిన ఖాతా తెరిపియ్యాలంటే మటుకు నా చేతుల లేదు."

"అంటే పేరుంది, పని లేదు."

"నాది గూడ గంతే సార్. సెక్షన్లున్నయి, సిబ్బంది లేరు."

మీరు ఈ రంగంలోకి వస్తున్నారు కాబట్టి, ఆ వారం నేను ఎక్కడెక్కడ తిరిగి వచ్చానో చెప్పాలి. కాళ్ళతో కాదు, పుస్తకాల్లో. యూరప్ దేశాల్లో ఉద్యోగుల కోసం ఒక మంచి సూత్రం ఉంది. ఒప్పందంలో ఏ దేశం చట్టం రాసుకున్నా, ఉద్యోగి మామూలుగా పనిచేసే దేశం ఇచ్చే రక్షణను అది లాగేసుకోకూడదు. వినగానే ఎగిరి గంతేశాను. షాహీన్ పనిచేసేది సిద్దిపేటలో, కాబట్టి మన చట్టం ఇచ్చే రక్షణ ఆమెకు ఉండాలి. ఆనందం ఒక పూట నిలిచింది. ఎందుకంటే ఆ సూత్రం ఉద్యోగికి. కంపెనీ ఆమెను ఉద్యోగి అనదు, స్వతంత్రంగా పనిచేసే మనిషి అంటుంది. పోనీ మన చట్టం ఏమంటుందని ఇటు వస్తే, యజమాని, ఉద్యోగి అనే పాత సంబంధానికి బయట ఉన్నవాళ్ళనే ప్లాట్‌ఫామ్ కార్మికులంటుంది. సామాజిక భద్రతకు తలుపు తెరిచింది, తీసేస్తే అడిగే హక్కుకు తెరవలేదు. యూరప్‌లో ప్లాట్‌ఫామ్ కార్మికుల కోసం కొత్తగా వచ్చిన నిబంధనలు ఆ గడ్డ మీద జరిగే పనికే. వాళ్ళ చట్టం మన వైపు వేలు చూపింది. మన చట్టం వేలు ఎటు చూపాలో తెలియక గోళ్ళు కొరుక్కుంది.

సిద్దిపేటలోనే దావా వేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. వ్యవహారంలో కొంత ఇక్కడే జరిగింది కాబట్టి వాదన ఉంది. కానీ వాళ్ళ ఊరి కోర్టని ఒప్పందంలో రాసుకున్నాక మన కోర్టు చేపడుతుందన్న హామీ లేదు. చేపట్టి, తీర్పు వచ్చి, దాన్ని పట్టుకుపోయి అక్కడ అమలు చేయించేసరికి ఆ కార్లకు కళ్ళే కాదు, రెక్కలు కూడా వస్తాయి.

సంధ్య

సంధ్య ఒకప్పుడు నా జూనియర్. ఇప్పుడు కోమటిచెరువు వైపు సొంత ఆఫీసు పెట్టుకుంది. నేను నేర్పినవన్నీ మరిచిపోయి పైకి వచ్చింది. ఆమెకు మొత్తం చెప్పాను, నా మూడో పేరాతో సహా. మొదట నవ్వింది, తర్వాత ఆపుకుంది.

"సార్, ఆమె కార్మికురాలని రుజువు చేసుడు జర ఆపుండ్రి. మనిషని చెప్పుండ్రి, సాలు."

"అంటే?"

"ఆ కంపెనీ కూసున్నది యూరప్‌ల. గక్కడ మనిషి వివరాలను కాపాడే డేటా చట్టం కంపెనీని పట్టుకుంటది. ఆ డేటా ఎవలిది, వాళ్ళేడ కూసున్నరు అన్నది చూడదు. సిద్దిపేట ఆమెదైనా, గా ఊరి ఆమెదైనా ఒకటే. మిషన్ ఒక్కటే కూసోని మనిషి బతుకు మీద దెబ్బ కొట్టే నిర్ణయం చేస్తే, ఒక మనిషితోని మళ్ళ చూపియ్యుండ్రి, నా మాట ఇనుండ్రి అని అడగొచ్చు."

ముప్పై ఏళ్ళ పైగా నేను పని జరిగే జాగ కోసం వెతికాను. ఈ పిల్ల నిర్ణయం జరిగిన జాగ కోసం వెతికింది. కార్మిక చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోయిన చోట ఇంకో చట్టం లోపలి నుంచి తలుపు తీసింది. ఈ వ్యాసంలో మీరు నోట్సు రాసుకోదగ్గ ముక్క ఇదొక్కటే, అది నాది కాదు.

షాహీన్ పేరు మీద సంధ్య ఉత్తరం రాసింది. మొదటి రెండింటికి జవాబు లేదు. ఆ దేశంలో డేటా విషయాలు చూసే ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేస్తామని మూడోదాంట్లో రాస్తే, వీడియో కాల్‌లో మాట్లాడతామని వచ్చింది.

"సార్, మీ వాక్యం సంగతి షాహీన్ వాళ్ళకు చెప్పిన్రా?" అని అడిగింది సంధ్య.

"సమయం చూసి చెప్తా."

"ఎవలి సమయం సార్?"

టీ తాగాను. చల్లారిపోయి ఉంది.

అబద్ధానికి సాధన

కాల్‌కు ముందు రోజు నేను అమీనా బేగం ఇంటికి పోయాను. ఏం చెప్పాలో సాధన చేయించాలని. నిజం చెప్పాలంటే ఏం చెప్పకూడదో చేయించాలని. నా మూడో పేరా అలవాటుగా రాసిన మాటని తర్వాత తప్పించుకోవచ్చనుకున్నాను.

"బిడ్డా, పనంతా నువ్వే చేసినవు. అత్తమ్మ, ఆడబిడ్డ ఊరికే పక్కన కూసున్నరు. గింతే చెప్పు."

షాహీన్ తలూపింది. మంచం మీద కూర్చున్న అమీనా బేగం ఊపలేదు.

"అంటే, నేను పని చెయ్యలేదని చెప్పాల్నా?"

"కేసు కోసం అమ్మా."

"మా సాస్ కార్డు మీద పన్నెండేండ్లు చుట్టిన. ఒక్క కాగితం మీద గూడ నా పేరు లేకుండె. అప్పుడు కాగితాలల్ల లేకుంటి. గిప్పుడు మాటలల్ల గూడ తీసేస్తరా? మీరే తీసేస్తరా వకీల్ సాబ్?"

రేష్మ టైలరింగ్ మిషన్ ఆపి, "అమ్మీ, గట్ల గట్టిగ మాట్లాడకు, సార్ మనకోసమే వచ్చిండు," అంది.

"మనకోసమే వచ్చిండని తెల్సు. అందుకే గట్టిగ మాట్లాడుతున్న. పరాయోళ్ళతోని మెల్లగ మాట్లాడుత."

నేను సాధన అక్కడితో ఆపేసి, మీకు తోచింది చెప్పుకోండని వచ్చేశాను. ఆ ఇంట్లో నా నోటీసు సంగతి చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. దాన్నీ వదిలేశాను.

కాల్

మధ్యాహ్నం అత్తాకోడళ్ళతో కలిసి సంధ్య ఆఫీసులో కూర్చున్నాం. మాకు భోజనాలయ్యాయి, వాళ్ళకు అప్పుడే తెల్లారింది. కంపెనీ తరఫున తెర మీదికి నడివయసు మహిళ వచ్చింది. ఆమె ఇంగ్లీషులో మాట్లాడుతుంటే సంధ్య తెలుగులో చెప్తోంది. మర్యాదస్తురాలే. నమస్కారం చేసే ప్రయత్నం కూడా చేసింది. తర్వాత ఒక కాగితం తీసి చదివింది. నా మూడో పేరా.

సంధ్య ఆగి నా వైపు చూసింది.

"చెప్పమ్మా," అన్నాను.

సంధ్య తెలుగులో చెప్పింది. ఒక ఖాతాను ఒకరే వాడాలని మా షరతుల మొదటి పేజీలోనే ఉంది, మీ న్యాయవాదే మాకు ఇలా రాశారు, దీని మీదే మీ ఖాతా శాశ్వతంగా మూసేశాం అని.

"గది రాసింది మీరా వకీల్ సాబ్?" అంది అమీనా బేగం.

"నేనే."

"మాకు చెప్పలే."

"చెప్పలే."

"బీమారి సంగతి డాక్టర్ దాస్తే మనకు కోపమొస్తది. వకీల్ దాస్తే రాదా?"

తెర మీది మహిళకు ఇది అర్థం కాలేదు, కానీ నా మొహం అర్థమై ఉంటుంది. షాహీన్ మాత్రం నా వైపు చూడలేదు. తెర వైపే చూస్తూ సంధ్యతో అంది:

"మేడంకు చెప్పుండ్రి. వకీల్ సాబ్ రాసింది నేను చెప్పిన మాటనే. నిజమే. మేం ముగ్గురం చేసినం. మా తాన ఇంటికొచ్చిన పని ఇంటోళ్ళందరు చేస్తరు, బీడీల కాన్నుంచి గట్లనే. కార్డు ఒకలది, చేతులు అందరియి. మీ దాంట్ల గట్ల చెయ్యొద్దని మొదటి పేజీల ఉన్నదట. నేను చదవకుండనే ఒప్పుకుంట అని నొక్కిన, గది నా తప్పు. గని దొంగతనం చెయ్యలే. ఏ డబ్బా తప్పు కట్టినమో చూపియ్యుమనుండ్రి."

సంధ్య ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ఆ మహిళ కంప్యూటర్లో చాలాసేపు ఏదో చూసింది. తర్వాత అడిగింది, మీ దగ్గర మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య పని ఎవరిది అని.

అమీనా బేగం బడిపిల్లలా చెయ్యెత్తింది.

"అమ్మీ, ఈ ఖాతాలో అన్నిటికంటే తక్కువ తప్పులు ఆ వేళల్లోనే ఉన్నాయంటున్నది మేడం," అని సంధ్య చెప్పింది.

అమీనా బేగం దుపట్టా సర్దుకుంది. "గా సంగతి వాళ్ళకు ఇయ్యాల తెల్సిందా?"

ఉత్తరం

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఈసారి కింద ఒక మనిషి పేరు, సంతకం ఉన్నాయి. నియమం తప్పారు కాబట్టి పాత ఖాతా తెరవరు. కానీ మోసం అన్న మాటను రికార్డు నుంచి తీసేశారు. మోసం చేసేవాళ్ళు దాచిపెడతారు, వీళ్ళ తరఫు మొదటి ఉత్తరంలోనే విషయం దాచకుండా ఉంది అని కారణం రాశారు. ఎవరి ఖాతా వాళ్ళు విడిగా పెట్టుకోవచ్చు, పనిలో చేరే ముందు పెట్టే పరీక్ష ఎవరిది వాళ్ళు రాయాలి.

మోసం అన్న మాట తీసేశామన్న లైనును షాహీన్ నాతో మూడుసార్లు చదివించుకుని, ఫోటో తీసుకుని, తన తల్లిగారింటికి పంపింది.

నా తప్పే వాళ్ళను కాపాడిందని సంధ్య ఓదార్చింది. మీరు అలా అనుకోకండి. ఆ రోజు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉంటే అదే వాక్యం చాలు, మళ్ళీ తలుపు మూయడానికి. నా వాక్యాన్ని నిజం చేసింది షాహీన్. నేను రాసినప్పుడు అది అలవాటు. ఆమె చెప్పినప్పుడు సాక్ష్యం. మా సీనియర్ నాకు జాగ చూడమని నేర్పారు, నేను చూసిన పాత జాగనే మళ్ళీ మళ్ళీ చూశాను. ఇంటి పని అంటే బీడీ పనే అనుకున్నాను. కొత్త పని పాత వాకిట్లో జరిగినా నియమాలు కొత్తవే. అంతకంటే పెద్ద తప్పు తర్వాతది. మీ వల్ల క్లయింటుకు నష్టం జరిగితే ఆ సాయంత్రంలోపే మీ నోటితో చెప్పండి. లేకపోతే ఇంకో దేశం మనిషి చెప్తుంది, అనువాదంతో సహా.

ఏ దేశం చట్టం అన్న ప్రశ్నకు నా జవాబు ఇంకా అసంపూర్తే. చట్టాలు ఇలా ఒకదానికొకటి వేలు చూపిస్తున్నంత కాలం, కంపెనీని ఏ చట్టం కదిలించగలదో వెతకండి, దానికి కార్మిక చట్టమన్న పేరు లేకపోయినా. కానీ దాంతో సంతృప్తి పడకండి. మనిషని ఒప్పించి నెట్టుకురావడం తాత్కాలికం. పని చేసిందని ఒప్పించడమే అసలు పని, అది మీ తరానికి మిగిలింది.

పరీక్ష

షాహీన్, రేష్మ పరీక్ష పాసయ్యారు. అమీనా బేగం మొదటి తెర దాటలేదు. సూచనలన్నీ ఇంగ్లీషులో, పక్కన సెకన్లు పరిగెత్తుతూ ఉంటాయి. అక్కడ రంగు కాగితాలు పనికిరావు. సూచనలు చదివి వినిపించే ఏర్పాటు చేయమని సంధ్య కంపెనీకి రాసింది. పరిశీలిస్తామన్నారు.

పోయిన వారం వాళ్ళింటికి పోయాను. వకీలుగా కాదు, మధ్యాహ్నం టీకి. షాహీన్ కింద పీట ముందు పని చేసుకుంటోంది. వెనక మంచం మీద అమీనా బేగం, కోడలి భుజం మీదుగా తెరను చూస్తూ.

షాహీన్ పని ఆపి అడిగింది.

"సార్, అమ్మీ చూసి చెప్తే, బటన్ నేనే నొక్కితే, గది గూడ తప్పయితదా?"

వాళ్ళ షరతుల్లో చూపు గురించి ఏమీ లేదు, వాడటం గురించే ఉంది. వాడటమంటే చేతులా, కళ్ళా? ఏ దేశం చట్టంలో చూసినా నాకు జవాబు కనిపించలేదు.

"బహూ, గా తెల్ల కారు చక్రం కాడ సూడు," అంది అమీనా బేగం. "కుక్కపిల్ల."

తెర మీద మంచు తప్ప నాకేమీ కనబడలేదు. కళ్ళజోడు సర్దుకుని, మోకాళ్ళు ఒప్పుకున్నంత మేర వంగి చూశాను. చక్రం పక్కన, తెల్లటి మంచులో, రెండు చిన్న తెల్లటి చెవులు.

షాహీన్ వేలు జంతువుల నీలి బటన్ మీద ఆగి ఉంది, నా జవాబు కోసం.